తీగకు గుచ్చిన ఉత్తరాలు

ఈ ఉదయం మా అమ్మాయి ఫైలుకు కట్టిన ట్యాగు లాగి, దాని చివరనున్న ఇనుప ముక్కను నోట్లో పెట్టుకుంది. నేను పరుగెత్తి వెళ్లి దవడ నొక్కి తీసేసరికి కాగితాలన్నీ గచ్చు మీద పరుచుకున్నాయి. రెండేళ్లు నిండని పిల్లకు అమ్మమ్మగారింటి సంగతుల మీద ఇంత ఆసక్తి ఉంటుందని అనుకోలేదు. ఒక్కొక్కటీ ఏరి వరస పెడుతుంటే, ఈ ఫైలు తయారైన కిందటి వేసవి గుర్తుకొచ్చింది.

అవనిగడ్డకు అవతల ఉండేది మా ఊరు. పురిటికి అక్కడికే వెళ్లాను. పిల్లకు ఐదో నెల రాగానే సారె పెట్టి మమ్మల్ని గుడివాడ పంపారు. ఇంకో పది రోజులుండమని అమ్మ అంది; ఆయనకు భోజనానికి ఇబ్బందిగా ఉందని నేనే ఆగలేదు. ఆ పది రోజుల్లోనే ఉప్పెన వచ్చింది. అమ్మ, నాన్న, తమ్ముడు, ఇల్లు, ఇంట్లో ఉన్న ప్రతి కాగితం పోయాయి. ఆ తర్వాత వేసవిలో పిల్లకు జ్వరం వచ్చి, ఒళ్లు బిగుసుకుపోయి, కళ్లు తేలేసింది. రెండు నిమిషాలే అన్నారు అందరూ. నాకు మాత్రం అవి ఇంకా గడవలేదు. డాక్టరుగారు మందు రాస్తూ, రెండు వైపులా పసివాళ్లలో ఎవరికైనా ఇలా వచ్చిందా అని అడిగారు. అప్పటికి మా దగ్గరికొచ్చి ఉంటున్న మా అత్తగారు తమ వైపు మూడు తరాల పిల్లల్ని వేళ్ల మీద లెక్కపెట్టి, ఎవరికీ తుమ్మైనా రాలేదన్నట్టు చెప్పారు. తర్వాత అందరూ నా వైపు చూశారు. అడగడానికి నాకెవరూ లేరు.

బందరులో పెదనాన్న ఒక్కరే మిగిలారు. బడిపంతులుగా చేసి, పెద్దమ్మ పోయాక ఒంటరిగా ఉంటున్నారు. ఎవరి రోగాలూ తనకు గుర్తు లేవంటూనే, గోడ మీది ఉత్తరాల తీగ దించి ఇచ్చారు. నాన్న ఆయనకు ముప్పై ఏళ్లు రాసిన ఉత్తరాలన్నీ, వచ్చినవి వచ్చినట్టు దానికి గుచ్చి ఉన్నాయి. ఆ గాలికి ఇంటి పెంకులు లేచిపోయాయి గాని మేకూ తీగా కదల్లేదు. బస్సులో ఒక చంకన పిల్ల, ఒక చంకన ఆ తీగ. పక్క సీటు ఆవిడ తీగ కొనకు భయపడి గుడివాడ దాకా ముడుచుకునే కూర్చుంది.

చదువుకున్నదాన్ని గదా, ఇంటికి రాగానే తెలివి చూపించాను. తీగ నుంచి అన్నీ ఊడదీసి, మనిషికొక కట్ట కట్టాను. అమ్మ సంగతులున్నవి ఒకటి, తమ్ముడివి ఒకటి, నావి ఒకటి. నా కట్టలో అన్నిటికంటే పైన, నాలుగు మూలలా పసుపు రాసిన కార్డు పెట్టుకున్నాను. ‘ఆడపిల్ల పుట్టినది. తల్లీబిడ్డా క్షేమం’ అని నాన్న రాత. తారీఖు చూడాలని తోచలేదు. నేను పుట్టినందుకు ఒకరు సంతోషించారనడానికి లోకంలో మిగిలిన సాక్ష్యం అదొక్కటే. వింతేమిటంటే, ముప్పై ఏళ్ల ఉత్తరాల్లో మా వంశంలో ఎవరూ పోలేదు. గేదె పోయిన సంగతి రెండు పేజీలుంది. మనిషి పోయిన సంగతి ఒక్కటీ లేదు.

కట్టలకు అట్టలు వేయించడానికి, మా వీధి చివర బడి రిజిస్టర్లు కుట్టే సాయిబుగారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన కళ్లజోడు పైకి తోసి పసుపు కార్డును తిప్పి చూశారు.

“ఇంగ్లీషు రాజుగారి తలకాయ ఉన్న కార్డమ్మా ఇది. మీరు అంత పెద్దవారిలా కనబడరే.”

నేను పుట్టేనాటికి కార్డుల మీద రాజు పోయి చాన్నాళ్లయింది. నవ్వబోయి ఆగిపోయాను. ఆయన మిగతా కట్టలు కూడా విప్పి చూసి, అట్టలు వేయనన్నారు.

“మనుషుల్ని బట్టి విడదీస్తే ఎలాగండీ? ఒకళ్ల మాట ఇంకొకళ్ల ఉత్తరంలో ఉంటుంది. తారీఖుల్ని బట్టి పెట్టుకు రండి, కుట్టిపెడతాను.”

నాలుగు రోజులు కూర్చుని, ఆ తీగ చేసిన పనినే మళ్లీ చేశాను. అప్పుడు కనబడింది. పసుపు కార్డు తర్వాత ప్రతి ఉత్తరం చివరా ఒక పేరు, దాని పక్కన ‘కులాసా’. నేనెన్నడూ వినని పేరు; కట్టలు కట్టేటప్పుడు ఎవరో చుట్టాల పిల్లనుకుని దాటేశాను. మూడేళ్ల పాటు ఆ పేరుకు పళ్లొచ్చాయి, నడకొచ్చింది, మాటలొచ్చాయి. ఆ తర్వాతి ఉత్తరంలో నారుమళ్లు, వర్షాలు ఉన్నాయి గాని ఆ పేరు లేదు. ఇక ఎక్కడా లేదు. మరుసటి ఏడు ‘సుఖప్రసవం’ అని మాత్రమే రాసిన ఇంకో పసుపు కార్డు వచ్చింది; తమ్ముడిదనుకుని వాడి కట్టలో పెట్టాను దాన్ని. అది నేను.

మళ్లీ బందరు వెళ్లాను. పెదనాన్న చేతిలో మొదటి పసుపు కార్డు పెట్టాను.

“మీ అక్కమ్మా,” అన్నారు.

“ఎలా పోయింది పెదనాన్నా? జ్వరంతోనా?”

“ఉత్తరం వచ్చింది. మొదటి వాక్యం చదివాను. అశుభం ఉత్తరం ఇంట్లోకి తెస్తారా తల్లీ? గుమ్మం బయటే చించేసి, నూతి దగ్గర నీళ్లు పోసుకుని లోపలికొచ్చాను.”

“మొత్తం చదవలేదా?”

ఆయన కిటికీ వైపు చూశారు. “పేజీ నిండా రాశాడు,” అన్నారు. “ఆ తర్వాత వాడూ చెప్పలేదు, నేనూ అడగలేదు.”

చిన్నప్పుడు నాకు కాస్త ఒళ్లు వెచ్చబడితే చాలు, అమ్మ గంటకోసారి నుదురు పట్టుకుని చూసేది. చిరాకుపడి చెయ్యి తోసేసేదాన్ని. ఇప్పుడు మా అమ్మాయి నా చెయ్యి అలాగే తోసేస్తోంది.

డాక్టరుగారికి, మా వైపు సంగతి తెలియదని చెప్పాను. పోనీ ఇక్కడి నుంచైనా రాసిపెట్టుకోమన్నారు. కుట్టించేస్తే ఇక ఏదీ చేర్చలేనని, ఉత్తరాల్ని ట్యాగు ఫైలులో పెట్టుకున్నాను. ఫైలులో అన్నిటికంటే చివరిది, కోతలయ్యాక మనవరాలిని చూడటానికి వస్తామని, నేను గుడివాడ వచ్చాక నాన్న నాకు రాసిన కార్డు. దాని తర్వాత నాకెవరూ ఉత్తరం రాయలేదు. రాయడానికి ఎవరూ మిగల్లేదు. అందుకని ఆ కార్డు వెనక నేనే ఒక కాగితం పెట్టాను. అక్క ఉండేదని, పోయిందని, ఎలాగో తెలియదని. అమ్మ, నాన్న, తమ్ముడు ఎలా పోయారో విన్నంతవరకు. పిల్లకు జ్వరం వచ్చిన తారీఖులు. దానికి పసుపు రాయలేదు. ఫైలులో పెట్టిన రోజు మా అత్తగారు ముఖం తిప్పుకున్నారు.

ఈ ఉదయం ఆ కాగితం మూల కాస్త నలిగింది. అరచేత్తో సాపు చేసి, దాని చోట దాన్ని పెట్టాను. కాలం వచ్చినవన్నీ వచ్చినట్టే గుచ్చుకుంటూ పోతుంది. మధ్యలో ఏది లేదో చూసుకోవలసింది మనమే.