హాస్టలంతా ఉబ్బసమే!

నా తెలివి వల్ల ఒక హాస్టల్ మొత్తం దవాఖానా పాలవబోయిన సంగతి చెబుతాను. మీరు నవ్వుకోండి. అప్పుడు నాకు ఏడుపొక్కటే తక్కువ.

దవాఖానాలో టెక్నీషియన్‌గా కొత్తగా చేరిన రోజులు. ఊపిరి గొట్టాల్లో ఉబ్బసపు వాపుంటే పట్టేసే చేతి యంత్రం ఇచ్చి, మణుగూరు అవతల అడవి అంచున ఉన్న ఆడపిల్లల హాస్టల్‌కు పంపారు. పిల్లలు నిలకడగా ఊదాలి, అంకె పెద్దదైతే వాపున్నట్టు. ఇంత సులువైన పనికి జీతం కూడానా అనుకున్నాను.

మధ్యాహ్నం భోజనాలు కాగానే మొదలుపెట్టాను. మొదటి పిల్లకు పెద్ద అంకె. రెండో పిల్లకు ఇంకా పెద్దది. ఆ తర్వాత ఎవరు ఊదినా అదే వరస!

"మేడం, అందరికీ ఉబ్బసమే!" అన్నాను వార్డెన్ మార్తమ్మతో.

"ఏంది సార్, పొద్దుగాల్నే కబడ్డీ ఆడిన్రు గదా!"

యంత్రం చెడిందా? నేనే ఊది చూశాను. అందరికన్నా నాదే పెద్ద అంకె! చిత్రమేమిటంటే, ఆ క్షణం నుంచే నాకు ఆయాసం మొదలైంది.

పరుగుపందేల కవిత ముందుకొచ్చింది. "రేపు భద్రాచలంల పోటీ ఉంది సార్. గీ డబ్బా చెప్తే ఆగాల్నా?"

"ఆగాలమ్మా" అన్నాను రొప్పుతూ. పిల్ల బావురుమంది.

మా డాక్టరు గారికి ఫోన్ చేశాను. "సార్, జల్దీ అంబులెన్సులు పంపండి. నాక్కూడా ఒకటి."

"ఆగవయ్యా. ఏం తిన్నరు?"

ఫోన్ మార్తమ్మకిచ్చాను. "తోటకూర పప్పు, తోటకూర వేపుడు సార్. ఈ సార్ అయితే మళ్లమళ్ల ఏయించుకున్నడు."

డాక్టరు గారి నవ్వు ఫోన్‌లోంచి వరండా దాకా వినిపించింది. "ఆకుకూర తిన్నంక ఊదితే అంకె పెరుగుతదయ్యా! ట్రైనింగ్‌ల నిద్రపోయినవా? పొద్దున ఏం తినకముందు ఊదించు."

అవ్, నిద్రపోయాను. మీతో దాచడమెందుకు?

తెల్లారి పరగడుపున ఊదిస్తే అంకెలన్నీ బుద్ధిగా దిగొచ్చాయి. ఒక్క సరోజకే దిగలేదు. గట్టిగా అడిగితే, పడుకుంటే దగ్గొస్తుందని నసిగింది. ఆ పిల్లను డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్లి మందు ఇప్పించాం. యంత్రం పాపం మంచిదే. చేతబట్టినవాడిదే లోపం.

ఆ పొద్దున్నే కవిత పోటీకి బూట్లు కట్టుకుని ఆటో ఎక్కుతూ అడిగింది. "సార్, మీ ఆయాసం తగ్గిందా?"

హాస్టలంతా గొల్లున నవ్వింది.

అందుకే పాఠకులారా, గోదావరి సాక్షిగా ఒట్టేస్తున్నాను. ఇక మీదట ఎవరి నోట్లో గొట్టం పెట్టినా, అంతకుముందు ఆ నోట్లోకి ఏం వెళ్లిందో అడగకుండా పెట్టను. నా నోరైనా సరే!