ఉత్త చేతులతో అడ్డం నిలబడ్డవాడు

రాయ్‌పూర్ రైల్వే మైదానంలో నేను బేస్‌బాల్ అంపైరింగ్ చేసే రోజుల్లో మా పోటీలకు కార్యదర్శి ఒక పెద్దమనిషి. మా కోస్తావాడే. ఆటల్లో ఆయనకు తెలిసింది మెడలో దండ వేయించుకోవడం ఒక్కటే.

ఒక ఏడు ఫైనల్లో ఆయన మేనల్లుడు మూడో బేస్ దగ్గర ఫీల్డర్. ధర్సీవా అనే ఊరి జట్టు రన్నర్ రెండో బేస్ నుంచి పరుగెత్తుకొస్తున్నాడు. బంతి ఇంకా దూరంగా గడ్డిలోనే ఉంది. మేనల్లుడు ఉత్త చేతులతో దారికి అడ్డంగా నిలబడ్డాడు. రన్నర్ అతన్ని గుద్దుకుని బోర్లా పడ్డాడు. లేచేలోగా బంతి వచ్చింది. మేనల్లుడు తీరిగ్గా దాన్ని రన్నర్ వీపుకు తాకించాడు. బేస్ చేరకముందే బంతి తాకిస్తే మామూలుగా రన్నర్ అవుట్.

నేను అబ్‌స్ట్రక్షన్ ఇచ్చాను. బంతి లేనివాడు, దాన్ని అందుకునే ప్రయత్నంలోనూ లేనివాడు దారి ఆపకూడదు. ఆపితే రన్నర్‌కు ఆ బేస్ దక్కుతుంది.

కార్యదర్శి వేదిక దిగి వచ్చాడు.

"టచ్ చేశాడు కదండీ. అవుట్ ఇచ్చేయండి, ఖామఖా గొడవెందుకు?"

"ముందు పడేశాడండీ, తర్వాత టచ్ చేశాడు."

"వాడు ఊరికే నిలబడ్డాడు."

"ఊరికే నిలబడ్డానికి మీ వేదిక ఉంది కదండీ," అన్నాను.

రన్నర్‌ను మూడో బేస్ మీద నిలబెట్టాను. తర్వాతి హిట్‌కే అతను చివరి బేస్ అయిన హోమ్ చేరాడు, ఆ పరుగుతో ధర్సీవా గెలిచింది. కప్పు అందిస్తూ కార్యదర్శి క్రీడాస్ఫూర్తి గురించి హిందీలో చాలాసేపు మాట్లాడాడు. నాకు కోపం కూడా రాలేదు. కోపం రావాలంటే అవతలి మనిషికి కాస్త స్థాయి ఉండాలి.

మరుసటి ఏడు నా బదులు ఆయన బావమరిది అంపైరయ్యాడు. ధర్సీవావాళ్ళు తమ ఊరి ఆటలకు నన్ను పిలిస్తే సంతోషంగా వెళ్ళాను.