రంభలో మునిగిన క్యారేజీ

మా ఆయనకు మాట తిరిగొచ్చిందని ఆసుపత్రిలో అందరూ సంబరపడిన రోజున నేనూ సంబరపడ్డాను. స్ట్రోక్ వచ్చి వారం పైగా నోరు మెదపని మనిషి. డాక్టరుగారు ఒడియాలో పేరడిగితే చెప్పారు. ఇల్లెక్కడంటే బరంపురంలో మా వీధి పేరుతో సహా చెప్పారు. నేను కిందికి పరిగెత్తి రసగుల్లాలు కొనుక్కొచ్చి వార్డంతా పంచిపెట్టాను.

ఇంటికొచ్చాక తెలిసింది అసలు సంగతి. "కాఫీ ఇమ్మంటారేటండీ?" అని అడిగాను. "దిఅంతు, టికే దిఅంతు" అన్నారాయన. ఇవ్వండి, కొంచెం ఇవ్వండి అని. ఎవరికి? నాకు! వేళాకోళమాడుతున్నారనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు. గ్లాసు అందుకుని, ఎంతో మర్యాదగా "ధన్యబాద" అన్నారు.

ఈ బరంపురంలో మా తెలుగువాళ్ళందరి కాపురాలూ ఇంతే. గడప లోపల తెలుగు, గడప దాటితే ఒడియా. రెండూ చిన్నప్పటి నుంచీ నోట్లో ఉన్నవే, కాని దేని పని దానిదే. ఆయన రైల్వే బుకింగ్ కౌంటర్లో పనిచేసి రిటైరయ్యారు కాబట్టి ఆయన ఒడియా అంతా కౌంటరు ఒడియా. ఎవరొచ్చినా 'ఆపణ', అంటే 'మీరు'. కోపాలు, కూరలకు వంకలు పెట్టడాలు, నన్ను ఏడిపించడాలు అన్నీ తెలుగులోనే. ఆ స్ట్రోక్ ఏం చేసిందో గాని తెలుగును ఎత్తుకుపోయి ఒడియాను మిగిల్చింది. ఆసుపత్రిలో అందరూ ఒడియాలోనే పలకరించారు కనక ఎవరికీ అనుమానం రాలేదు. వాళ్ళ ముందు నేనూ ఒడియాలోనే మాట్లాడాను కనక నాకూ రాలేదు.

నేను తెలుగులో ఏమన్నా ఆయనకు అర్థమయ్యేది. జవాబు మాత్రం ఒడియాలో వచ్చేది. ఒకటి రెండుసార్లు తెలుగులో అనబోయి, మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయి, మొహం ఎర్రబడి, లేచి వరండాలోకి వెళ్ళిపోయారు. తరవాత ప్రయత్నమే మానేశారు. మళ్ళీ డాక్టరుగారి దగ్గరికి పరిగెత్తాను. వస్తే దానంతటది వస్తుంది, బలవంతపెట్టకండి అన్నారు. చుట్టాలైతే, "రెండూ వొచ్చినోలే గదా, ఏది మాటాడితే ఏటి?" అని నన్నే మందలించారు. నాకు ఒళ్ళు మండిపోయింది. పొద్దస్తమానం మొగుడి చేత మర్యాద చేయించుకుని చూస్తే తెలుస్తుంది వాళ్ళకి. నా ఇంట్లో నేనే టికెట్టు కొనడానికొచ్చిన ప్యాసింజర్లా ఉండేది నా బతుకు.

అన్నిటికన్నా నాకు కావలసింది ఒక్క మాట. ముప్పై ఏళ్ళ పైబడి ప్రతి పోట్లాటా ఆయన ఆ మాటతోనే ముగించేవారు. "నీతోటి మాటాడ్డం నాదే బుద్ధితక్కువ" అని ఒక విసురు విసిరి, పేపరు అడ్డం పెట్టుకునేవారు. అప్పట్లో ఆ మాట వింటే అరికాలి మంట నెత్తికెక్కేది. ఇప్పుడు దానికోసమే మొహం వాచిపోయాను.

చలికాలం పోయి ఎండలు ముదరక ముందు, ట్రావెల్స్ వాళ్ళ బోర్డు ఒకటి బజార్లో కనిపించింది. ఒక్క రోజులో గోపాల్‌పూర్, గంజాం, హుమ్మా, రంభ; గైడు ఉంటాడు, సాయంత్రానికి ఇంటి దగ్గర దింపేస్తారు. ఇంట్లో ఇద్దరం ఒకరికొకరు మర్యాదలు చేసుకుంటూ కూర్చునే కంటే నయం కదా అని రెండు సీట్లు చెప్పేశాను. ఒకప్పుడు చుట్టాలొస్తే ఆ ఊళ్ళన్నీ తిప్పి, గైడు అక్కర్లేకుండా గంటలకొద్దీ చెప్పిన మనిషి ఆయన. ఇప్పుడు కిటికీ పక్కన బుద్ధిగా కూర్చున్నారు.

మా వెనక సీట్లో సోంపేట నుంచి వచ్చిన పెద్దావిడ ఒకావిడ ఉంది. కూతురింటికి వస్తే, ఊరు చూసి రమ్మని అల్లుడు బస్సెక్కించాడట. గైడు మైకు పట్టుకుని ఒడియాలో, మధ్యమధ్య హిందీలో చెప్పుకుపోతుంటే ఆవిడకు ఒక్క ముక్క అందలేదు. గోపాల్‌పూర్ రాకముందే నా భుజం తట్టింది.

"ఏటమ్మా, ఆయనేటి సెప్తన్నాడు? నాకూ సెప్పవా తల్లీ."

అలా నేను గైడుకు గైడునయ్యాను. గోపాల్‌పూర్‌లో ఇసకలోంచి మొండిగా లేచిన పాత రేవు గోడల దగ్గర, ఇక్కడి నుంచి మన వాళ్ళు ఓడలెక్కి బర్మా వెళ్ళేవారని చెప్పాను. ఆవిడ చుట్టూ చూసి, "ఓలమ్మా, మరి నీడకి ఒక్క పాకయినా నేదేటి?" అంది. మా ఆయన పెదవి చివర చిన్న నవ్వు కదిలింది. నేను చూశాను. ఆయన నెమ్మదిగా, కుడికాలు కాస్త ఈడుస్తూ ఇసకలో నడిచారు. పక్కన నేను చెయ్యి పట్టుకోబోతే "ఠిక్ అఛి" అన్నారు, పరవాలేదని.

ఈ మనిషి నా భర్త అని పెద్దావిడకు చెప్పానే గాని, తెలుగు ఎందుకు మాట్లాడరో చెప్పలేదు. నోరు రాలేదు.

గంజాంలో పాడుపడిన కోట చూపించారు. జిల్లాకు తన పేరిచ్చిన ఊరు, ఒకప్పుడు జ్వరాలొచ్చి ఖాళీ అయిపోయిందట. పిచ్చిమొక్కల మధ్య గోడలు, కందకం మిగిలాయి. గైడు చెబుతుండగా నేను మా ఆయన కాలు ఎక్కడ పడుతోందో చూస్తున్నాను. సగం వినలేదు. పెద్దావిడ అడిగేసరికి, "ఎవలో రాజుగారు కట్టించినారంట పిన్నిగారూ" అనేశాను.

భుజం మీద వేలు పడింది. వెనక్కి తిరిగితే ఆయన. చూపుడువేలు అడ్డంగా ఊపుతూ "నుహేఁ, నుహేఁ" అన్నారు. కాదు, కాదు అని. రాజు కాదు, కంపెనీ దొరలు కట్టుకున్నది, పైనుంచి చూస్తే నక్షత్రంలా ఉంటుంది, అని ఒడియాలోనే వివరంగా చెప్పారు. నేను నోరు తెరుచుకుని విన్నాను. నేను తప్పు మాట్లాడితే సహించలేని జబ్బు ఆయనకు మా పెళ్ళినాటి నుంచీ ఉంది. స్ట్రోక్ తరవాత ఒక్కసారైనా నన్ను దిద్దలేదు. ఎంత అడ్డదిడ్డంగా మాట్లాడినా తలూపి ఊరుకునేవారు. ఆ జబ్బు తిరిగొచ్చినందుకు నాకు కోట గోడకు దణ్ణం పెట్టాలనిపించింది.

దాంతో నాకు దురాశ పుట్టింది. హుమ్మా దగ్గర ఉప్పు మళ్ళు చూపించారు. గట్ల మీద తెల్లటి కుప్పలు, ఎండకు కళ్ళు చెదురుతున్నాయి. సముద్రపు పాయలోంచి నీళ్ళు మళ్ళల్లోకి తెచ్చి ఎండబెడతారని గైడు శుభ్రంగానే చెప్పాడు. నేను కావాలనే ఎక్కడో ఉన్న చిలికా సరస్సును మధ్యలోకి లాగి, గొంతు పెంచి, "ఈ నీలు సిలికాలోంచి గొట్టాలేసి తెస్తారంట పిన్నిగారూ!" అన్నాను.

ఆయన చటుక్కున తలెత్తారు. పెదవులు కదిలాయి. "కా..." అని వచ్చింది. ఒడియా మాట కాదు, తెలుగు 'కాదు'లో మొదటి సగం. రెండో సగం రాలేదు. మెడ నరాలు బిగుసుకున్నాయి, మొహం ఎర్రబడింది. వెంటనే అటు తిరిగి, వెళ్ళి బస్సులో కూర్చున్నారు.

నన్ను నేను తిట్టుకున్నాను. బలవంతపెట్టొద్దని డాక్టరు చెప్పినా వినకుండా, రోగిష్టి మనిషికి పరీక్షలు పెడతానా! వెళ్ళి పక్కన కూర్చుని నీళ్ళ సీసా ఇచ్చాను. తీసుకున్నారు గాని నా వైపు చూడలేదు. ఇక వద్దు, ఆయన ఏ భాషలో ఉంటే ఆ భాషలోనే ఉందాం, మనిషి దక్కాడు అదే పదివేలు అనుకున్నాను. రంభ దాకా ఆ మాటే మనసులో తిప్పుకున్నాను. నిజంగానే సర్దుకుందామనుకున్నాను, కాని ఏడుపు ఆగలేదు. ఎండ తగలకుండా మొహానికి పైట చెంగు అడ్డం పెట్టుకున్నట్టు నటించాను.

రంభలో చిలికా ఒడ్డున భోజనాలు పెట్టారు. చేపల పులుసు, అన్నం. తినేసి రేవు దగ్గర గట్టు మీద కూర్చున్నాం; అటు చివర ఆయన, మధ్యలో నేను, ఇటు పక్క పెద్దావిడ. ఎదురుగా నీళ్ళు, దూరంగా దీవులు, కట్టేసిన పడవలు. చేపల కంపులో కూడా గాలి చల్లగా ఉంది.

"ఇంతకు ముందు వొచ్చినావా తల్లీ ఇక్కడికి?" అని అడిగింది పెద్దావిడ.

"వొచ్చినాం పిన్నిగారూ, పెల్లయిన కొత్తల" అన్నాను. ఈసారి నాకే ఎత్తుగడా లేదు. ఆ రేవు చూస్తే పాత సంగతి గుర్తొచ్చింది, అంతే. ప్యాసింజరు బండి దిగి, పడవ మాట్లాడుకుని ఇద్దరం దీవి దాకా వెళ్ళాం. మా అత్తగారు తన పుట్టింటి క్యారేజీలో దద్దోజనం, వంకాయ కూర, అరిసెలు సర్ది ఇచ్చారు. తినకుండా దాచుకుని, తిరిగి వచ్చి ఈ గట్టు మీద కూర్చుని తిందామనుకున్నాం. పడవ దిగేటప్పుడు ఆ క్యారేజీ కాస్తా చిలికా పాలైంది. మా అత్తగారు బతికున్నన్నాళ్ళూ దాని గురించి అడుగుతూనే ఉన్నారు.

"ఎలా పడిపోనాది?" అంది పెద్దావిడ, అన్నం పోయిందన్న బాధతో.

"ఎలాగేటి, ఈయనే ఒగ్గీసినారు. నాను అందిస్తన్నాను, ఈయన అటేటో కొంగల్ని సూస్తా సెయ్యి ఒగ్గీసినారు."

"ఏటే!"

నా కుడిపక్క నుంచి వచ్చింది ఆ కేక. నేను కదల్లేదు. తిరిగి చూస్తే పోతుందేమోనని భయం.

"ఏటే ఆ... ఆ అబద్దం! నానా? నానా ఒగ్గీసినాను? నువ్వు... సీర తడిసిపోతందని కుచ్చిల్లు అట్టుకున్నావ్! క్యారేజీ... క్యారేజీ ఒగ్గీసి కుచ్చిల్లు అట్టుకున్నావ్!"

మధ్యలో తడబడ్డారు. ఊపిరి తీసుకున్నారు. ఒక మాట ఒడియాలో పడబోతే దాన్ని మింగేసి, తెలుగు మాట వెతికి పట్టుకుని మరీ అన్నారు. కళ్ళు నిప్పులు కక్కుతున్నాయి. అంత అందంగా ఆయన నాకెప్పుడూ కనబడలేదు.

పెద్దావిడ ముందుకు వంగి ఆయన్ని ఎగాదిగా చూసింది. "అదేటి బాబూ! పొద్దున్నుంచి ఒక్క తెలుగు ముక్క ఆడనేదు. నివ్వు ఒడియావోడివి, ఈ గుంట మనసుపడి పెల్లాడేసుకుందనుకున్నాను!"

నాకు నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి. గట్టు మీద కూర్చుని, నలుగురూ చూస్తారని కూడా లేకుండా వెక్కివెక్కి ఏడ్చాను. ఆయన కంగారుపడి, "ఏటయింది... ఏటయిందే?" అని నా చెయ్యి పట్టుకున్నారు. అప్పుడు తెలిసినట్టుంది ఆయనకు తన నోట్లోంచి ఏం వచ్చిందో. కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో చాలాసేపు తుడిచారు.

గైడు ఈల వేశాడు. బస్సెక్కాం. తిరుగు దారిలో ఆయన అంతా తెలుగే మాట్లాడారని చెప్పను. కిటికీ వేయమన్నది ఒడియాలోనే వచ్చింది. 'గొడుగు' అన్న మాట కోసం ఛత్రపురం దాకా వెతుక్కున్నారు, దొరక్క చేత్తో చూపించారు. కాని వెతుకుతున్నారు, వరండాలోకి పారిపోవడం లేదు. నాకు అది చాలు. పెద్దావిడ మాత్రం నడుమ నడుమ తల దూర్చి, "ఇంతకీ ఎవలు ఒగ్గీసినట్టు?" అని అడుగుతూనే ఉంది.

ఇంటికొచ్చి తాళం తీస్తుంటే వెనక నుంచి మళ్ళీ మొదలుపెట్టారు. "నువ్వే... కుచ్చిల్లు అట్టుకున్నావ్. ఒప్పుకో."

అలసిపోయి ఉన్నారు, కాలు లాగుతోంది. పోనీలే, ఈ పూటకి ఒప్పేసుకుంటే పోలేదా అనిపించింది. నాలుక చివరి దాకా వచ్చింది. అంతలోనే ఆపుకున్నాను. నేను ఒప్పేసుకుంటే రేపు పొద్దున ఆయన దేనికోసం నోరు విప్పుతారు?

"నాను సచ్చినా ఒప్పుకోను. మీరే ఒగ్గీసినారు" అన్నాను.

ఆయన గుమ్మంలో ఆగిపోయారు. గోడ పట్టుకుని నన్ను ఒక చూపు చూశారు. ఒక్కొక్క మాటా తడుముకుంటూ, దేన్నీ జారవిడవకుండా కూడబలుక్కున్నారు.

"నీతోటి... మాటాడ్డం... నాదే బుద్ధితక్కువ."

అని, ఎప్పటిలాగే ఒక విసురు విసిరి, లోపలికి వెళ్ళి పేపరు అడ్డం పెట్టుకున్నారు. నేను కాఫీ పెట్టడానికి వెళ్ళాను. ఆయన ఇంకా అడగలేదు గాని, ఈసారి 'ఇవ్వండి' అనరని నాకు తెలుసు.