బోయిగూడ గోడ మీది అరుగు

ఖమ్మంలో మా వీధిని వెడల్పు చేసి సిమెంటు రోడ్డు వేశాక, రెండు పక్కలా సగానికి కోసిన గోడలు మిగిలాయి. సికింద్రాబాదు బోయిగూడలో ఇలాంటి గోడలకే వీధివాళ్లు కలిసి బొమ్మలు వేసుకుంటున్నారని తెలిసి, చూసి రమ్మని మా వీధివాళ్లు నన్ను పంపారు. తెల్లవారుజామున ఐదింటికి రైలెక్కి తొమ్మిదిన్నరకు దిగాను. స్టేషన్ బయట ఆటో అతను నలభై అడిగాడు. నేను ఆలోచిస్తుంటే తనే, "పది నిమిషాలు నడిస్తె వస్తది సార్. సామాన్ సుత లేదు గద," అన్నాడు. నడిచాను.

సందు పొడవునా కొత్త ఫుట్‌పాత్ పని సాగుతోంది. మేస్త్రీ యాదగిరి పలకలు పరుస్తుంటే, ఇంటికొకరు చొప్పున గోడలకు రంగులు వేస్తున్నారు. గీతలు గీసి ఇచ్చేది మేరీ సుగుణగారు. మారేడ్‌పల్లిలో ఉండే రిటైర్డు డ్రాయింగు టీచరు, సొంతూరు గుంటూరు వైపు. రోడ్డు పనిలో నర్సమ్మ అనే పెద్దావిడ ఇంటి అరుగు పోయింది. దాని గుర్తుగా ఆ ఇంటి గోడ మీద టీచరు రెండు రోజులుగా ఒక అరుగు, దానిమీద కబుర్లాడుకునే ముగ్గురు ఆడవాళ్లను వేస్తున్నారు.

"ఎలా ఉందండీ నర్సమ్మగారూ?" అని అడిగారు.

నర్సమ్మ గుమ్మం పట్టుకుని నిలబడి చూసింది. "మంచిగనే ఉంది టీచరమ్మా. ఆళ్లు ముగ్గురు కూసున్నరు. నేనేడ కూసోవాలె? బజారుకు పోయొస్తె జెరసేపు ఆగనీకి జాగ లేదు. మోకాళ్లు పరేషాన్ చేస్తున్నయ్."

టీచరు కుంచె పక్కన పెట్టారు. యాదగిరిని పిలిచి, ఇక్కడొక బల్లలా కట్టగలరా అని అడిగారు.

"ప్లాన్ల లేదమ్మా. ఇంజినీర్ సార్ చూస్తె తీసెయ్యమంటడు."

"నడవడానికి ఎంత వదలాలి?"

"నాలుగడుగులు."

టేపు పట్టి చూస్తే ఫుట్‌పాత్ ఐదున్నర అడుగులుంది. కూల్చిన అరుగు తాలూకు నాపరాయి బండను నర్సమ్మ పెరట్లో దాచుకుంది. నలుగురం పట్టి బయటికి తెచ్చాం. వెడల్పు అడుగున్నరకు కాస్త తక్కువే. "ఆయనొస్తే నేను మాట్లాడతాను, మీరు కట్టండి," అని యాదగిరికి చెప్పి, అసలు అరుగే వస్తుంటే బొమ్మ అరుగు దేనికని టీచరు తన బొమ్మ మీద తెల్లరంగు పూసేశారు. రెండు రోజుల పని. ఆవిడ ముఖం చిన్నబోయింది గాని, చేయి ఆగలేదు.

సందు చివర మెస్సులో ముప్పై ఐదు రూపాయల భోజనం చేసి వచ్చేసరికి, ఇటుకల మీద బండ కూర్చుని ఉంది. మూడింటికి ఇంజినీరు వచ్చాడు. యాదగిరి పని ఆపి లేచి నిలబడ్డాడు. టీచరు చెప్పిందంతా విని, ఇంజినీరు తనే టేపు తీసి కొలిచాడు. నాలుగడుగుల మీద ఒక అంగుళం. "ఇలాంటివి ముందే చెప్పాలి మేడమ్," అంటూ చేతిలోని ఫైలు బండ మీద పెట్టబోయాడు.

"ఇయ్యాల కాదు సారూ," అంది నర్సమ్మ. "సిమెంటు పచ్చిగుంది. రేపొస్తె కూసుందువు గని."

ఆయన ఫైలు చంకలో పెట్టుకుని ముందుకు నడిచాడు. తీసెయ్యమని మాత్రం అనలేదు.

సాయంత్రం రైల్లో నోటుపుస్తకం తీశాను. ఏ రంగు ఎండకు నిలుస్తుందో రాసుకుందామని వెళ్లినవాణ్ణి, మా వీధిలో అరుగులు పోయిన ఇళ్ల పేర్లు రాసుకుంటూ కూర్చున్నాను. గోడలు బాగుండాలన్న తొందరలో, ఆ ఇళ్లవాళ్లు ఇప్పుడెక్కడ కూర్చుంటున్నారని మాలో ఎవరమూ అడగలేదు. మీ వీధిలోనూ ఇలాంటి పని పెట్టుకుంటే, పలకలు పరవకముందే మేస్త్రీని వెంటబెట్టుకుని ఇంటింటికీ వెళ్లి అడగండి. సిమెంటు గట్టిపడ్డాక ఎవరూ తవ్వనివ్వరు.