బులంబీ కెప్టెన్ తల్లి

గ్లెనిస్ హార్బటిల్ చేతులు చూస్తే మగవాడి చేతులేమో అనిపిస్తుంది. మెల్‌బోర్న్‌కు చాలా దూరంలో ఉన్న మా బులంబీ ఫుట్‌బాల్ క్లబ్బులో ఆటగాళ్ళ మడమలకు టేపు చుట్టి, తొడలకు నూనె పట్టించి, జారిన భుజాలను లాగి మళ్ళీ కూర్చోబెట్టిన చేతులవి. గొర్రెల ఉన్ని కత్తిరించే మొండి ఘటాలు కూడా ఆవిడ బల్ల ఎక్కితే బుద్ధిగా కాళ్ళు చాపేవారు. "మెల్లగా, గ్లెనత్తా" అని ఎవడైనా మూలిగితే, "నోర్ముయ్‌రా! నిన్ను కన్నప్పుడు మీ అమ్మ కూడా ఇంత గోల చెయ్యలేదు" అనేది.

నా పేరు నోలా. అదే క్లబ్బు క్యాంటీన్‌లో మాంసం కూరిన పైలు వేడిచేసి, చిప్స్ వేయించేది నేనే. మా ఇద్దరిదీ ఒకే బడి, ఒకే బెంచీ. ఆవిడ గురించి ఇప్పుడు ఊళ్ళో ఒక్కొక్కరూ నోటికొచ్చినట్టు వాగుతున్నారు కాబట్టి, నేను చూసింది నేను చెబుతాను. వినేవాళ్ళు వినండి, లేనివాళ్ళు పోయి బీరు తాగండి.

గ్లెనిస్ మొగుడు లెస్. మైదానంలో అవతలి జట్టువాడి పళ్ళు రాలగొట్టడం వాడి పని. కోచ్ వేలు చూపిస్తే చాలు, బంతితో సంబంధం లేకుండా వెళ్ళి ఆ మనిషిని పడగొట్టి వచ్చేవాడు. ఊరు ఊరంతా వాడికి జేజేలు. ఇంటికెళ్ళాక కూడా ఆ చేతులు ఊరుకునేవి కావు. ఒకసారి గ్లెనిస్ భుజం దగ్గర ఎముక విరిగింది. ట్రక్కు మీంచి పడ్డానంది. ఇంకోసారి రెండు పళ్ళు ఊడాయి. గేటు తగిలిందంది. డాక్టరుకు తెలుసు, నాకు తెలుసు, పైలు కొనుక్కునే ప్రతి వెధవకూ తెలుసు. ఆఖరికి ట్రాక్టరు తిరగబడి లెస్ పోయాడు. ఆ శనివారం జట్టంతా నల్ల పట్టీలు కట్టుకుని ఒక నిమిషం మౌనం పాటించింది. నేను మాత్రం చిప్స్ వేయిస్తూనే ఉన్నాను.

వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు డేల్. తండ్రి ఎత్తు, తండ్రి భుజాలు, తండ్రి కోపం. బులంబీకి కెప్టెన్ అయ్యాడు. మా క్లబ్బు కప్పు గెలిచి ఒక తరం దాటింది. పిల్లలంతా పట్నాలకు పోతున్నారు. వచ్చే ఏడు మమ్మల్ని పక్క ఊరు నర్రావీ క్లబ్బుతో కలిపేస్తారన్న మాట కూడా వినబడుతోంది. నర్రావీతో కలవడమంటే మాకు శత్రువు ఇంట్లో కాపరానికి వెళ్ళడం లాంటిది. ఈసారి గెలిస్తే క్లబ్బు నిలబడుతుందని అందరి ఆశ. ఆ ఆశంతా డేల్ మీదే.

సెమీ ఫైనల్లో బంతి మైదానం ఆ చివర ఉండగా, ఈ చివర డేల్ అవతలి జట్టు కుర్రాడి వెనకగా వెళ్ళి మోచేత్తో దవడ మీద పొడిచాడు. టప్పుమని విన్నాం. కుర్రాడు మొహం కింద పెట్టి పడ్డాడు. నోట్లోంచి రక్తం, గడ్డి, విరిగిన పళ్ళు. గ్లెనిస్ తువ్వాలు పట్టుకుని పరిగెత్తి, వేలు పెట్టి వాడి నాలుక బయటికి లాగకపోతే అక్కడే ఊపిరాడక పోయేవాడు. సరిహద్దు చుట్టూ నిలిపిన కార్లలో మావాళ్ళు హారన్లు మోగించారు. సిగ్గు లేని జన్మలు.

మంగళవారం పోటీలు నడిపే లీగు విచారణ కమిటీ కూర్చుంది. ఆ కుర్రాడు దవడకు తీగలు వేయించుకుని వచ్చి, నన్నెవరు కొట్టారో చూడలేదని రాసిచ్చాడు. అది మా ప్రాంతపు ఆనవాయితీ. మైదానంలో తిన్న దెబ్బ గురించి ఎవడూ నోరు విప్పడు. విప్పితే వాడు మగాడే కాడు. అలా డేల్ శనివారం కప్పు కోసం జరిగే గ్రాండ్ ఫైనల్‌కు బయటపడ్డాడు.

గురువారం డేల్ పెళ్ళాం టెగన్ క్యాంటీన్‌కు రాలేదు. ఉల్లిపాయలు తరగడానికి ప్రతి వారం వచ్చేది పాపం. గ్లెనిస్ నన్ను వెంటబెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళింది. టెగన్ మెడకు శాలువా చుట్టుకుని తలుపు తీసింది. గ్లెనిస్ ఆ శాలువా లాగేసింది. గొంతు మీద రెండు పక్కలా వేళ్ళ ముద్రలు, నల్లగా.

"మా ఇంటికి రావే తల్లీ, ఇప్పుడే" అంది గ్లెనిస్.

"వద్దత్తా. ఇప్పుడు నేను పోతే వాడి ఆట చెడుతుంది. ఆట చెడితే నన్ను చంపేస్తాడు. శనివారం కానీ." టెగన్ గొంతు పీలగా, గరగరమంటూ వచ్చింది.

గ్లెనిస్ నేరుగా క్లబ్బు ప్రెసిడెంట్ రస్ దగ్గరికి వెళ్ళింది. ట్రాక్టర్లు అమ్ముకునే పెద్దమనిషి.

"వాణ్ణి ఆడనివ్వకు రస్. పోలీసులకు చెప్పు" అంది.

రస్ ఆవిడ భుజం మీద చెయ్యి వేశాడు. "అమ్మా గ్లెన్, నీ బాధ నాకు తెలీదా? రెండ్రోజులు ఓర్చుకో. శనివారం అవనీ, వాణ్ణి నేనే కూర్చోబెట్టి బుద్ధి చెబుతా. ఇప్పుడు కదిపితే క్లబ్బు మూతపడుతుంది. ఇన్నేళ్ళు నువ్వు చాకిరీ చేసిన క్లబ్బు."

"శనివారం ఏంటయ్యా, దాని మెడ చూశావా నువ్వు?" అని నేను లేచాను. గ్లెనిస్ నా చెయ్యి పట్టి లాగింది. ఆగుదామంది. ఆగాం. ఇంకే ఊళ్ళోనైనా ఇలాంటి పని చేస్తారా? మా ఊళ్ళో చేస్తారు. గ్రాండ్ ఫైనల్ వారంలో మాకు బుర్రలు పనిచెయ్యవు.

శనివారం ఆట మొదలయ్యే ముందు డేల్ బల్ల ఎక్కి కుడి చెయ్యి చాపాడు. మణికట్టు మీద పళ్ళ గాట్లు, ఇంకా పచ్చిగా.

"ఇదేంట్రా?"

"కుక్క కరిచిందమ్మా."

"మీ ముసలి కుక్క నోట్లో పళ్ళెక్కడివిరా?"

డేల్ నవ్వాడు. "టేపు చుట్టు, టైమవుతోంది."

గ్లెనిస్ టేపు బల్ల మీద పెట్టేసి నేరుగా నా దగ్గరికి వచ్చింది. "నోలా, కారు తియ్" అంది. మొహంలో రక్తం చుక్క లేదు. పొయ్యి ఆర్పి పరిగెత్తాను.

మేము గేటు దాటుతుంటే రెండు జట్లూ మైదానం మధ్యలో గుండ్రంగా నిలబడి, ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసుకుని ఉన్నారు. ఈమధ్య దేశమంతటా ఆడవాళ్ళు మొగుళ్ళ చేతుల్లో చస్తున్నారని, ఫైనల్స్ ముందు కెప్టెన్లు ప్రమాణం చదవాలని మా లీగు వాళ్ళు పెట్టారు. మైకులో డేల్ గొంతు వినిపిస్తోంది. "ఆడవాళ్ళ మీద చెయ్యి ఎత్తం. ఎత్తేవాళ్ళను చూస్తూ ఊరుకోం." నేను కారు వేగం పెంచాను.

టెగన్ బట్టలుతికే గదిలో పడి ఉంది. పక్కనే సగం సర్దిన సంచి. వాడు ఆ సంచి చూశాడన్నమాట. గొంతు ఉబ్బిపోయింది, ఒక కన్ను మూసుకుపోయింది, చెవిలోంచి రక్తం కారి సిమెంటు మీద గడ్డకట్టింది. ఊపిరి ఈలలా వస్తోంది. గ్లెనిస్ మోకాళ్ళ మీద కూలబడి ఆ పిల్ల తల కదలకుండా రెండు చేతులతో పట్టుకుంది. "అంబులెన్సు" అంది నాతో.

మా ఊరికి ఉన్నది ఒకటే అంబులెన్సు. అది మైదానం గేటు దగ్గర నిలబడి ఉంది. అది లేకుండా ఆట ఆడకూడదు, లీగు రూలు. నేను ఎమర్జెన్సీకి ఫోన్ చేసి పెట్టేసిన వెంటనే రస్ నుంచి ఫోన్.

"నోలా, ఆట మొదలైంది! బండి పోతే ఆపెయ్యాలి. ఎవరికేంటి? మీ కార్లో తీసుకురాలేరా?"

"మెడ విరిగిందేమోరా దరిద్రుడా! నీ కెప్టెన్ విరిచాడు! పంపు!" అని అరిచాను.

సైరను వినిపించింది. దాని వెనకే మైదానం వైపు నుంచి కార్ల హారన్లు, ఆట ఆపినందుకు. మా ఊళ్ళో అంబులెన్సు పని చూసే భార్యాభర్తలు టెగన్ మెడకు పట్టీ బిగిస్తుండగా వాకిట్లో బ్రేకుల చప్పుడైంది. బూట్ల మేకులు సిమెంటు మీద టకటకమన్నాయి. డేల్! జెర్సీ కూడా విప్పలేదు.

గ్లెనిస్ లేచి గది గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"నా ఫైనల్ నాశనం చేశావు" అన్నాడు వాడు. "నువ్వు! నా సొంత తల్లివి!"

"వెనక్కి పో, డేల్."

"తప్పుకో. అది నాటకాలాడుతోంది. తప్పుకోమన్నానా!"

"నన్ను దాటి పోలేవురా."

పిడికిలి బిగించి కొట్టాడు. తల్లి మొహం మీద, కంటి కింద. ఎండు పుల్ల విరిగిన చప్పుడు. గ్లెనిస్ గోడకు కొట్టుకుని జారింది, జారుతూ కూడా వాడి కాలు రెండు చేతులా వాటేసుకుంది. వాడు ఆ కాలు విదిలించి ఆవిడ డొక్కలో తన్నాడు. ఒకసారి, మళ్ళీ ఒకసారి. ఆవిడ వదల్లేదు. గోడకు ఆనించిన పార నా చేతికి తగిలింది. శక్తికొద్దీ తిప్పి వాడి మోకాలి వెనక కొట్టాను. పడ్డాడు. పడ్డవాడి వీపు మీద ఇంకోటి వేశాను. దానికి నాకు ఇప్పటికీ చింత లేదు. అంబులెన్సు ఆయన వాడి మీద కూర్చున్నాడు, పోలీసులు వచ్చేదాకా.

వాణ్ణి బేడీలు వేసి లాక్కెళ్తుంటే అరుస్తూనే ఉన్నాడు. "బయటికి రానీ, ఆ టెగన్ సంగతి చూస్తా! ఎక్కడున్నా చూస్తా!"

పోలీసు పిల్ల గ్లెనిస్ ముందు కూర్చుని, "ముఖానికి ఏమైందమ్మా?" అని అడిగింది.

గ్లెనిస్ చేత్తో చెంప కప్పుకుంది. "తలుపు తగిలింది" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఒసే! నీకు బుద్ధి ఉందా? నా కళ్ళెదుట జరిగిందే!" అన్నాను. కడుపు తీపి అంటారు. ఆ తీపిని ఆ రోజు నేను తిట్టని తిట్టు లేదు.

టెగన్‌ను హెలికాప్టర్లో మెల్‌బోర్న్ తీసుకెళ్ళారు. గొంతులో గొట్టం, మాట లేదు. సోమవారం పెద్ద ఊరి కోర్టులో డేల్ బెయిలు అర్జీ వచ్చింది. క్లబ్బు పెద్దలంతా టైలు కట్టుకుని ముందు వరసలో కూర్చున్నారు. రస్ హామీ ఉంటానన్నాడు. డేల్ లాయరు లేచి, కుర్రవాడు మంచివాడని, పంటల కాలంలో అందరికీ సాయం చేస్తాడని, కేసు తేలేదాకా తల్లి ఇంట్లోనే ఉంటాడని చెప్పాడు. ఆదివారం ఆస్పత్రిలో గ్లెనిస్ మంచం దగ్గర ఆ లాయరు అడిగినప్పుడు ఆవిడ ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. తల్లే కదా, కాదంటుందా అనుకున్నారు వాళ్ళు. నిజం చెప్పాలంటే నేనూ అదే అనుకున్నాను. వాడు బయటికొస్తే టెగన్ బతకదని నాకు తెలుసు.

మేజిస్ట్రేటు కళ్ళద్దాలు సర్దుకుని అడిగింది. "మిసెస్ హార్బటిల్, మీ అబ్బాయి మీ ఇంట్లో ఉండటం మీకు సమ్మతమేనా?"

గ్లెనిస్ బెంచీ పట్టుకుని లేచింది. మొహం ఒక పక్కంతా వంకాయ రంగు. దవడ సరిగా కదలదు. మాట నెమ్మదిగా వచ్చింది.

"వద్దమ్మా. మా ఇంట్లో వద్దు."

ముందు వరసలో తలలన్నీ ఒక్కసారి వెనక్కి తిరిగాయి.

"నా మొహం మీద కొట్టింది వీడే. తలుపు కాదు. అబద్ధం చెప్పాను. ఇప్పుడు వీడు ఇంటికొస్తే వండి పెడతాను. బట్టలుతుకుతాను. కారు తాళం అడిగితే ఇచ్చేస్తాను. నా సంగతి నాకు తెలుసు, వీళ్ళ నాన్నకూ అడిగిందల్లా ఇచ్చేదాన్ని. వీడు ఆ కారేసుకుని మెల్‌బోర్న్ పోయి ఆ పిల్లను చంపేస్తాడు. వీడు నా కొడుకు. వీణ్ణి వదలకండి."

"అమ్మా!" అన్నాడు డేల్. చిన్నప్పుడు పడి మోకాలు చెక్కుకున్నప్పుడు అనేవాడు అలాగే.

గ్లెనిస్ కూర్చుంది. బెయిలు ఇవ్వలేదు. వాణ్ణి లోపలికి తీసుకెళ్ళారు, రస్ టై వదులు చేసుకుంటూ ఆవిడ కాళ్ళ దగ్గర ఉమ్మినంత పని చేసి వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళూ మా పక్కనుంచే నడిచారు, ఒక్కరూ ఆగలేదు. గది ఖాళీ అయ్యాక గ్లెనిస్ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఇంకా చలి తగ్గలేదే నోలా" అంది. "లోపల వాడికి దుప్పటి ఇస్తారంటావా?"