'భయమెందుకు?' ప్రసంగానికి వెనక వైపు

"పాప ఒళ్ళు వేడిగా ఉంది. ఫిట్స్ వస్తే?" అన్నాను అత్తయ్యతో.

థర్మామీటర్ మాత్రం ఏమీ లేదంటోంది. అది తప్పు చెబుతోందేమోనని ఇంకోటి కొన్నాను. రెండింటికీ కాస్త తేడా వచ్చింది. ఏది నిజమో తేల్చడానికి మూడోది కొన్నాను. భౌతికశాస్త్రం చదివినందుకు నాకు దక్కిన లాభం ఇదీ.

"పిల్లకి జ్వరం లేదు గానీ, నీ కొలతలతో వచ్చేలా ఉంది," అంది అత్తయ్య.

మామయ్య పాస్టరు. చర్చి సంఘంలో ఆయన్ని 'ధైర్యం అయ్యగారు' అంటారు. ఆ పేరు తెచ్చిపెట్టింది 'భయమెందుకు?' అనే ప్రసంగం. ఉద్యోగం ఊడినవాళ్ళకీ, ఆపరేషన్‌కి వెళ్ళేవాళ్ళకీ అదే మందు. పాప పుట్టాక నాకూ ఒక మోతాదు పడింది. పని చెయ్యలేదు.

ఇప్పుడాయన రిటైరవుతున్నారు. వీడ్కోలు సభలో ఆయన చేతిరాత ప్రసంగాలు బోర్డుకి అంటిస్తానని సంఘం సెక్రటరీ వచ్చి కూర్చున్నాడు. కాగితాల పెట్టె విప్పే పని నాకు పడింది.

వెనక వైపు ఖాళీగా ఉన్న కాగితం కనిపిస్తే మామయ్య చెయ్యి ఊరుకోదు. ఓర్పు గురించిన ప్రసంగం, అత్తయ్య కోపంగా రాసి పెట్టిపోయిన చీటీ వెనక ఉంది. వినయం గురించినది, తన సన్మానపత్రం వెనక. మౌనం గొప్పదనానికి ఒక్క కాగితం చాలక నాలుగు పట్టాయి.

'భయమెందుకు?' దొరికింది. తిప్పి చూశాను. స్కేలుతో గీసిన గళ్ళు, వాటిలో జ్వరం అంకెలు. పక్కన మామయ్య దస్తూరీ: "ఏడుస్తున్నాడు." దాని కింద: "ఏడవడం లేదు. ఎందుకు ఏడవడం లేదు?" ఇంకా కింద: "ఊపిరి చూశాను. మళ్ళీ చూశాను."

"నీ మొగుడు చంటిపిల్లాడప్పటి జ్వరం," అంది అత్తయ్య. "వాడు కాస్త తేరుకుని పాలు తాగాక, ఆ కాగితమే తిప్పి ఆదివారం ప్రసంగం రాసుకున్నారు ఈ ధైర్యంగారు."

మామయ్య కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టారు. అది అప్పటికే శుభ్రంగా ఉంది.

సెక్రటరీ గొంతు తగ్గించాడు. "ఏం ఫర్వాలేదమ్మగారూ. జిగురు పూసేస్తే వెనక వైపు ఎవరికీ కనపడదు. అయ్యగారి పేరు నిలవాలి కదా."

"జిగురు డబ్బా ముట్టుకున్నావంటే చూడు. ముందు వైపు మీ సంఘానిది. వెనక వైపు నాది," అంది అత్తయ్య.

మామయ్య కళ్ళజోడు పెట్టుకున్నారు. "జిగురొద్దు, గుండుసూదులు పెట్టవయ్యా. జ్వరం వైపు బయటికి రానీ. రెండో వైపు అందరికీ కంఠతా వచ్చు."

"అయ్యగారూ, పేరు పోతుంది!"

"పోనీ. నాతోపాటు అదీ రిటైరవుతుంది."

అన్నారే గానీ, సభరోజు ఆయన ఆ బోర్డు వైపు వెళ్ళలేదు. దూరంగా కుర్చీలో కూర్చుని ఓరకంట చూస్తూనే ఉన్నారు. వినయం, మౌనం ముందు ఈగ కూడా వాలలేదు. జనమంతా జ్వరం దగ్గరే. ఎవరైనా నవ్వితే ఆయన తల దించుకునేవారు. చివరికి చర్చి ఊడ్చే ముసలామె నేరుగా ఆయన దగ్గరికే వచ్చింది.

"ఇది ముందే చూపించొచ్చుగా అయ్యగారూ? ఇన్నేళ్ళూ మీకు పిల్లల బాధ తెలీదనుకుని, ఆ ప్రసంగం వచ్చినప్పుడల్లా ఓ కునుకు తీసేదాన్ని."

మామయ్య పగలబడి నవ్వారు. ఆయన అలా నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి.

ఆ ధైర్యంతో నేనూ వెళ్ళి అడిగాను. "భయం ఎలా పోయింది మామయ్యా?"

"ఎక్కడ పోయింది? ఇప్పటికీ మీ ఆయన తుమ్మితే నాకు గుండె దడే. ఒక చిట్కా మాత్రం ఉందమ్మాయ్. థర్మామీటర్లు మూడూ బీరువా మీద పెట్టు. పిల్ల నిజంగా కాలిపోతుంటే ఎలాగైనా ఎక్కి తీస్తావు. ఉత్త అనుమానమే అయితే, స్టూలు వెతికేలోగా భయం సగం చల్లారుతుంది. అందుకని స్టూలు మాత్రం వేరే గదిలో ఉంచుకో."