ఫోర్ వీల్ కోసం తిరుపతి దాకా

మా రాజేశ్వరక్క ఇల్లు ఏటికి అవతల. ఇంటి వెనకే పాడి ఆవుల కొట్టం. ఈ ఎండాకాలం వాళ్ల బోరు ఎండిపోయింది. కొత్త బోరు వేసేదాకా నా పాత పికప్ ట్రక్కులో ట్యాంకు పెట్టుకుని రోజూ నీళ్లు తీసుకుపోయేవాణ్ణి. ఏట్లో చుక్క నీళ్లు లేవు, గట్టు నుంచి గట్టు దాకా ఇసుకే. ఫోర్ వీల్ వేస్తే నాలుగు చక్రాలూ లాగి బండి దాటుతుంది. వేయకపోతే వెనక చక్రాలు ఉన్నచోటే తిరిగి కూరుకుపోతాయి.

ఆ బుధవారం అదే జరిగింది. ఏటి మధ్యలో మీట తిప్పాను. ఫోర్ వీల్ దీపం మిణుకు మిణుకుమంటూ ఉండిపోయింది, ముందు చక్రాలు కదల్లేదు. బరువు తగ్గించడానికి ట్యాంకులో నీళ్లన్నీ ఇసుకలోకి వదిలేశాను. ఊళ్లో ట్రాక్టరు గట్టుమీదే నిలబడి తాడుతో నన్ను వెనక్కి లాగింది. నిండు ట్యాంకుతో ఇసుకలో దిగడానికి మాత్రం ఆ ట్రాక్టరాయన ఒప్పుకోలేదు.

అక్క ఇసుకలో నడుచుకుంటూ వచ్చింది. "ఈ పొద్దుకు పక్కోళ్ల బావిలో తోడుకుంటాం. వాళ్లకీ ఆవులుండాయి, దాంట్లో అడుగు కనపడతా ఉండాది. నా సూడావు నేడో రేపో ఈనేట్టుంది రా," అంది. అక్క కళ్లు నా మీద లేవు, తడిసిన ఇసుక మీదే ఉన్నాయి.

బండిని మెల్లగా చిత్తూరులో మణి షెడ్డుకు తీసుకుపోయాను. నా బండి ఎప్పుడూ అతనే చూస్తాడు. కిందికి దూరి, ఫోర్ వీల్ వేసే చిన్న మోటారును విప్పి బయటికి తెచ్చాడు.

"ఇదే పోయినట్టుండాదన్నా. ఈడ దొరకదు. తిరుపతిలో బషీర్ భాయ్ అని, పాత బండ్ల సామాన్లు అమ్ముతాడు. పొద్దున్నే పో."

గురువారం తెల్లారగానే మోటారును గోనెసంచిలో చుట్టుకుని చిత్తూరు బస్టాండుకు చేరాను. తిరుపతి బస్సులు వెంట వెంటనే ఉంటాయి, ముందుగా టికెట్టు తీసుకోనక్కర్లేదు. పొద్దున పోయేవాళ్లు ఎడమ పక్క కూర్చోండి, ఎండ తగలదు. నాకు ఆ సంగతి పక్క సీటులో కూర్చున్న ఆవిడే చెప్పింది. తిరుచానూరుకు మల్లెపూల గంప తీసుకుపోతోంది.

"ఏముందప్పా ఆ సంచిలో, బిడ్డను పట్టుకున్నట్టు పట్టుకోనుండావు?"

చెప్పాను. ఆవుల సంగతి కూడా చెప్పాను. ఆవిడ గంప మీది తడిగుడ్డను సర్దుకుంటూ, "మా తోట్లోనూ నీళ్లకు ఇదే పాట్లు. నీ పని అయితాది పోప్పా," అంది. పూతలపట్టు దాటాక రోడ్డు వెడల్పయింది, బస్సు వేగం అందుకుంది. చంద్రగిరి కొండలు కనబడే సరికి ఆవిడ నిద్రపోయింది.

తిరుపతిలో దిగి బస్టాండు ఎదురుగా ఇడ్లీ తిన్నాను. పల్లీల చట్నీ బాగుంది. అక్కడి నుంచి ఆటో. బషీర్ భాయ్ కొట్టు ఒక పొడుగాటి రేకుల పాక. ముందు భాగంలో ఆయన గేరుపెట్టెలు, ఇరుసులు పేర్చుకుని కూర్చుంటాడు. వెనక బల్ల దగ్గర ఆయన భార్య నూర్జహాన్ మోటార్లు, వైరింగు చూస్తుంది. ఆయన నా మోటారును అటూ ఇటూ తిప్పి చూసి, ఉర్దూలో ఏదో చెప్పి ఆమెకు అందించాడు.

ఆమె బ్యాటరీ నుంచి రెండు తీగలు ఆనించింది. మోటారు జుయ్యిమని తిరిగింది.

"ఇది బాగుండాదన్నా. కొత్తది కొంటే డబ్బులు దండగ."

నాకు సంతోషం కలగాల్సింది. కలగలేదు. మోటారు బాగుంటే, చెడిపోయింది ఏదో నాకు తెలియదు. ఎండ ఎక్కుతోంది, అవతల ఆవులు దాహంతో ఉన్నాయి. అదే మాట ఆమెతో అన్నాను.

"ఉండన్నా. మోటారుకు కరెంటు అందుతాదో లేదో చూడల్ల. మీ మెకానిక్‌కు వీడియో కాల్ చెయ్యి."

మణి ఫోను పట్టుకుని బండి కింద పడుకున్నాడు. "మోటారుకు తగిలించే ప్లగ్గు చూపించు," అంది నూర్జహాన్. చూపించాడు. "ఒక్కో తీగా పట్టి లాగు, మెల్లగా." మూడో తీగ ఏ పట్టూ లేకుండా అతని చేతిలోకి వచ్చేసింది. పైన తొడుగు బాగానే ఉంది, లోపల రాగి పచ్చగా చిలుము పట్టి తెగిపోయి ఉంది.

ఫోనులో మణి, "నేను నిన్ననే లాగి చూసుండల్ల అక్కా," అన్నాడు.

"పైకి తెలిసేది కాదులే అబ్బా," అంటూ ఆమె నవ్వింది.

బషీర్ భాయ్ ఒక పాత బండి నుంచి అలాంటి ప్లగ్గునే తీగలతో సహా కోసి తెచ్చాడు. నూర్జహాన్ మోటారు ఇరుసును సరైన చోటికి తిప్పి నిలిపి, కదిలితే తెలిసేలా సుద్దతో గీత గీసింది. బిగించేదాకా తిప్పొద్దని రెండుసార్లు చెప్పింది. నేను సంచి కట్టుకుంటుంటే బషీర్ భాయ్, "ఆవు ఈనితే ఫోన్ చెయ్యప్పా," అన్నాడు. మీకెవరికైనా ఇలాంటి పని పడితే మోటారొక్కటే పట్టుకుపోకండి, దాని తీగలనూ ముందు చూపించుకోండి.

బస్టాండు దగ్గర సంగటి, పప్పు తిని మధ్యాహ్నం బస్సెక్కాను. చిత్తూరులో పొద్దు ఇంకా ఉండగానే మణి ప్లగ్గు అతికించి మోటారు బిగించాడు. తీగలు కిందికి వేలాడకుండా పైకి లాగి కట్టాడు. మీట తిప్పితే కింద టక్కుమని చప్పుడు, దీపం నిలకడగా వెలిగింది. అతను నాతోపాటే బండెక్కి కూర్చున్నాడు. "ఏరు దాటేది నేనూ సూడల్ల," అన్నాడు.

ఊళ్లో ట్యాంకు నింపుకుని ఇసుకలో దిగాం. ముందు చక్రాలు ఇసుకను పట్టి లాగుతుంటే నా చేతుల కిందే తెలిసింది. ఎక్కడా ఆపలేదు.

సూడావు అప్పటికే ఈనింది. దూడ తడితడిగా నిలబడే ప్రయత్నంలో ఉంది. అక్క మొదటి బక్కెట్టు దాని తల్లికి పెట్టింది. తర్వాత గొట్టం తీసి, బావి నీళ్లిచ్చిన పక్కింటి వాళ్ల తొట్టికి వేయమంది. ముందు మీ తొట్టి నింపుకుందాం అని నేనంటే వినలేదు. మణి బషీర్ భాయ్‌కి ఫోన్ చేసి, కెమెరాను దూడ వైపు తిప్పాడు.

తిరిగి బయలుదేరుతుంటే అక్క వచ్చి ముందు సీట్లో మణి పక్కన కూర్చుంది. "ఆ గట్టు దాకా వస్తా రా. ఎన్నాళ్లయిందో ఈ కొట్టం ఇడిచి," అంది. ఖాళీ బండి ఇసుకలో తేలిగ్గా సాగింది. ఊరివైపు గట్టు మీద దిగి, చెప్పులు చేతిలో పట్టుకుని, అక్క చల్లబడిన ఇసుకలో ఇంటివైపు నింపాదిగా నడుస్తూ పోయింది. రేపు పొద్దున మళ్లీ రావాలి. రాగలనా అన్న బెంగ మాత్రం ఇప్పుడు లేదు.